మంచుముక్కలో మందు వాసన

చలికాలమంతా కదలకుండా ఉన్న మా ఆర్వీని, అంటే వంటగదీ పడకలూ ఉన్న ప్రయాణపు బండిని, వేసవి మొదట్లో బయటికి తీసి, పది రోజుల ప్రయాణానికి బయలుదేరాము. ఈసారి నాన్న కూడా మాతో వచ్చారు. మూడో రోజు సాయంత్రం అడవి అంచున, సరస్సు కనిపించే చోట బండి నిలిపి, కుర్చీలు వేసుకుని కూర్చున్నాక నాన్నకు ఐస్ వేసిన నీళ్లు ఇచ్చాను. ఎండలో అంత దూరం వచ్చిన మనిషి ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశారు.

“ఒరే, ఇందులో మందు వాసన వస్తోందేమిట్రా?”

నేనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. మొదట తీపిగా తగిలి, కరుగుతున్నకొద్దీ నాలుక మీద చేదుగా నిలిచిపోయే రుచి. నా అనుమానం వెంటనే నీళ్ల ట్యాంకు మీదికి పోయింది. బయలుదేరడానికి వారం ముందే దాన్ని బ్లీచుతో శుద్ధి చేశాను కాబట్టి, ఆ పని సరిగ్గా జరగలేదేమో, మళ్లీ ట్యాంకంతా ఖాళీ చేయాలేమో అని బకెట్ కోసం లేవబోతుంటే నాన్న ఆపారు.

“పొద్దుటి నుంచి కుళాయి నీళ్లు తాగుతూనే ఉన్నాను కదరా. వాటికి లేని వాసన మంచుకు ఎక్కడిది?”

అప్పుడు నీళ్లు వచ్చే దారిని మనసులో మొదటి నుంచి నడిచి చూశాను. ట్యాంకు నుంచి వంటగది కుళాయి వరకు నీళ్లు బాగున్నాయంటే, అంతవరకు దోషం లేనట్లే. ఇక మిగిలింది ఐస్ మేకర్ కోసం విడిగా చీలిన సన్నని ప్లాస్టిక్ గొట్టం, ఫ్రిజ్ వెనక కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వు, మంచు గడ్డకట్టే అచ్చు. వీటితో పాటు ఫ్రీజర్‌లోని గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే మూత లేకుండా ఉండే మంచు చుట్టుపక్కల వాసనలను ఇట్టే పట్టేస్తుంది.

గాలిదా, గొట్టానిదా అని తేల్చుకోవడానికి ఆ రాత్రి ఒకే సీసాలోని నీళ్లను రెండు చిన్న డబ్బాల్లో పోసి, ఒకదానికి గట్టిగా మూత పెట్టి, రెండోదాన్ని తెరిచి, రెండింటినీ ఫ్రీజర్‌లో పక్కపక్కనే ఉంచాను. తెల్లవారాక చూస్తే మూత పెట్టిన మంచుకు ఏ వాసనా లేదు. తెరిచి ఉంచినదానికి మాత్రం ఉల్లిపాయ వాసన లీలగా తగిలింది. వదులు మూత డబ్బాలో తరిగిన ఉల్లిపాయలు ఉంచింది మేమే. అయితే ఆ తీపి, ఆ చేదు రెండింటిలోనూ లేవు. అంటే దోషాలు రెండు, వాటిలో పెద్దది గొట్టంలోనే ఉంది.

చలికాలానికి ముందు గొట్టాలు పగలకుండా వాటిలో గులాబీ రంగు యాంటీఫ్రీజ్ నింపి, ఐస్ మేకర్ గొట్టంలోకీ అది చేరాక ఆ పాయకున్న వాల్వును నేనే మూసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఇది కార్ల ఇంజన్లలో సాధారణంగా పోసే ఇథిలీన్ గ్లైకాల్ లాంటి విషం కాదు. ఆర్వీల తాగునీటి గొట్టాల కోసం ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసినది, రుచికి తియ్యగా ఉంటుంది. వేసవిలో ట్యాంకు శుద్ధి చేసినప్పుడు కుళాయిలన్నీ విప్పాను గాని ఆ చిన్న వాల్వు విప్పలేదు. బ్లీచు నీళ్లు అక్కడిదాకా వెళ్లనే లేదు. ఆ తరువాత మంచు కోసం దాన్ని తెరిచినప్పుడు, గొట్టంలో మిగిలినదంతా మంచులోకే వచ్చింది.

ఐస్ మేకర్‌ను ఆపి, కరెంటు తీసేసి, పాయ వాల్వు మూసి, బండి బయటి వైపు నుంచి ఫ్రిజ్ వెనక పలకను తెరిచాను. కరెంటు వాల్వుకు బిగించిన గొట్టాన్ని విప్పి కొసను బకెట్‌లో పెట్టి, లోపల మా ఆవిడ పాయ వాల్వు కొద్దిగా తిప్పగానే మొదట వచ్చిన గ్లాసెడు నీళ్లు మసకగా ఉన్నాయి. కరెంటు వాల్వు నోటిలో గోరంత జల్లెడ ఉంటుంది. దాన్ని బయటికి తీసి వేళ్ల మధ్య రాస్తే సబ్బులా జారింది. పల్చబడిన గ్లైకాల్ సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది, నిలవ నీటిలో అవి జిగురులా పేరుకుంటాయి. గొట్టం లోపలి గోడల మీదా అదే జిగురు ఉంటుందని, వట్టి నీళ్లతో అది పోదని అర్థమైంది.

జల్లెడను మెత్తని బ్రష్‌తో కడిగి, గొట్టం మళ్లీ బిగించాను. నీటి ఫిల్టరును ముందుగా తీసేశాను. అందులోని కార్బన్ క్లోరిన్‌ను పీల్చేస్తుంది కాబట్టి అది ఉంటే బ్లీచు పని చేయదు. సువాసన కలపని మామూలు బ్లీచు, 5 నుంచి 6 శాతం గాఢత గలది, ట్యాంకులోని 60 లీటర్ల నీటికి 60 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, ఈసారి ఐస్ మేకర్ పాయతో సహా అన్ని కుళాయిల దగ్గరా బ్లీచు వాసన తగిలేదాకా నీళ్లు వదిలి, నాలుగు గంటలు కదిలించలేదు. ఐస్ మేకర్‌ను నడిపి రెండు విడతల మంచు ఆ నీళ్లతోనే తయారయ్యేలా చూశాను. వాల్వు దాటిన తరువాత అచ్చు వరకు ఉండే చివరి గొట్టం శుభ్రపడడానికి వేరే మార్గం లేదు. ఆ మంచు ఎవరూ పొరపాటున నోట్లో వేసుకోకుండా వెంటనే పారేశాను. తరువాత ట్యాంకు ఖాళీ చేసి, బ్లీచు వాసన పోయేదాకా మంచినీళ్లు నింపి వదులుతూ, చివరికి కొత్త ఫిల్టరు బిగించాను.

ఈలోగా మా ఆవిడ మంచు పడే డబ్బాను లీటరు గోరువెచ్చని నీటికి రెండు చెంచాల వంట సోడా కలిపి కడిగి, నీడన ఆరబెట్టింది. ఉల్లిపాయలు ఫ్రీజర్ నుంచి బయటికి పోయాయి. పాత మంచు ఒక్క ముక్క కూడా మిగలనివ్వలేదు.

కొత్త నీళ్లతో తయారైన మొదటి మూడు విడతలనూ పారబోశాము. ఇలాంటి ఫ్రిజ్‌లో మంచు నిదానంగా కడుతుంది కాబట్టి ఆ సరస్సు ఒడ్డునే ఇంకో రోజు ఉండిపోయాము. మర్నాడు మధ్యాహ్నం, నాలుగో విడత మంచు డబ్బాలో పడిన చప్పుడు విని నాన్నే లేచి వెళ్లి ఒక ముక్క తెచ్చుకున్నారు. బుగ్గన పెట్టుకుని, కళ్లు మూసుకుని, అది పూర్తిగా కరిగేదాకా ఏమీ మాట్లాడలేదు.

“ఏ రుచీ లేదురా,” అని గ్లాసు నా చేతికిచ్చారు.