ఆ ఒక్క ఫిర్యాదు

సోమవారం రాత్రి

మా క్లబ్ పెట్టిన ఆదివారం డాగ్ షో అయిపోయిందని ఊపిరి పీల్చుకునేలోపే ఫిర్యాదులు వచ్చి పడ్డాయి. మారేడుపల్లిలో ఇంటికి చేరి, అన్నం తిని, కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. చాలావరకు ఎప్పుడూ ఉండేవే. మా రాట్‌వీలర్ నడక సరిగ్గా చూడలేదని ఒకరు, మా లాబ్రడార్ తలకు వంక పెట్టారని ఇంకొకరు. బ్రీడ్ స్టాండర్డ్ (ఆ జాతి కుక్క ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం) ప్రకారం కుక్కను అంచనా వేయడం జడ్జి పని, ర్యాంకుల్లో ఆయన మాటే ఆఖరు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ లెక్కలో గంటకు సుమారు 25 కుక్కల్ని చూడాలి. అంటే ఒక్కోదానికి రెండున్నర నిమిషాలు కూడా దక్కవు. పళ్ళు, భుజాలు, వెన్ను, నడక అన్నీ అందులోనే. అభిప్రాయభేదాలు రాకుండా ఎలా ఉంటాయి?

ఒక్క ఉత్తరం మాత్రం వేరు. అల్వాల్ అమ్మాయి రాసింది. ఇంటర్ చదువుతోందట. తొమ్మిది నెలల, కర్ణాటక వేటజాతి ముధోల్ హౌండ్‌ని మొదటిసారి రింగులోకి, అంటే పోటీ జరిగే ఆవరణలోకి, తెచ్చింది. జడ్జి ఎదురుగా రాకుండా వెనకనుంచి చెయ్యి వేశారట. కుక్క బెదిరి పక్కకు జరిగింది. ఆయన మూతి గట్టిగా పట్టుకుని, పెదవి పైకి లాగి పళ్ళు చూసి, "ఇంత పిరికిదాన్ని ఇంట్లోనే ఉంచుకో" అని అందరికీ వినపడేలా అన్నారట. ముధోల్ కొత్తవాళ్ళను తొందరగా దగ్గరికి రానివ్వదు. ముందు చేతి వాసన చూడనివ్వాలి, లేదా పళ్ళు చూపించమని కుక్కను పట్టుకున్న హ్యాండ్లర్‌నే అడగాలి. జడ్జిగా నిలబడేవారికి ఇది తెలియని సంగతి కాదు.

రింగ్ స్టీవర్డ్‌కి ఫోన్ చేశాను. పొద్దంతా జడ్జి పక్కనే ఉండేది అతనే. "విన్నానన్నా, కానీ పేరున్న జడ్జి, మనకెందుకు?" అన్నాడు. ఎవరితోనూ మాట్లాడకముందే, చూసింది చూసినట్టు ఈ రాత్రికే రాసిపెట్టమన్నాను. నాలుగు రోజులు పోతే ఎవరి కథ వాళ్ళకు తయారవుతుంది.

మా క్లబ్ ప్రెసిడెంట్ గారిదీ అదే ధోరణి. "జడ్జి నిర్ణయమే ఫైనల్ అని రూల్స్‌లో ఉంది కదయ్యా!" నాకు కోపం వచ్చింది. ఫైనల్ అన్నది ర్యాంకుకి. నోటిదురుసుకీ, మొరటు చేతికీ ఆ రక్షణ ఎందుకు? ఆ మాటకొస్తే జడ్జి చేసిన ఎంపిక కూడా అన్నిచోట్లా నిలబడలేదు. 2012లో ఇంగ్లండ్‌లోని క్రఫ్ట్స్ డాగ్ షోలో బెస్ట్ ఆఫ్ బ్రీడ్‌గా, అంటే తమ జాతిలో మేటిగా, ఎంపికైన ఆరు కుక్కలు వెటర్నరీ పరీక్షలో తప్పాయి, వాటిని గ్రూప్ రింగులోకి, అంటే తర్వాతి రౌండులోకి, రానివ్వలేదు. కుక్క క్షేమం ముందు అని అక్కడ అంత గట్టిగా నిలబడ్డారు. ఇదే చెప్పాను. ఆయన కాసేపాగి, "సరే, రెండు వైపులా విను" అన్నారు.

జడ్జి గారికీ ఫిర్యాదు కాపీ పంపాను. ఆయన చెప్పేదీ వినాలి, అది ఆయన హక్కు. తర్వాత అన్నీ కలిపి దేశంలో డాగ్ షోలను చూసుకునే, చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియాకు పంపిస్తాం.

ఆ అమ్మాయికి కూడా రాశాను. ఉత్తరం అందిందని, రింగులో తీసిన వీడియో ఉంటే కత్తిరించకుండా పంపమని, వచ్చే షోకి కుక్కను తప్పకుండా తీసుకురమ్మని. పొద్దున్నకి స్టీవర్డ్ కాగితం రాకపోతే నేనే మెహదీపట్నం వెళ్ళి రాయించుకొస్తాను.