మాయమైన సున్నాలు

ప్రింటర్ నుండి వెచ్చగా బయటికి వచ్చిన పెట్టెల నంబర్ల మొదటి లేబుల్ షీటును చేతిలోకి తీసుకుని చూస్తే, 001 ఉండవలసిన చోట 1 ఒక్కటే బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది. నేను తేరుకునేలోగా, షీటుకు 30 లేబుళ్ల చొప్పున మిగిలిన 7 షీట్లూ వచ్చి పడ్డాయి.

స్ప్రెడ్‌షీట్‌లో మాత్రం సున్నాలు చక్కగా కనిపిస్తూనే ఉన్నాయి. మొదటి గడిలో 1, దాని కింద 2 వేసి, రెండింటినీ ఎంచుకుని, మూలనున్న చిన్న చతురస్రాన్ని పట్టుకుని 240 దాకా లాగి, సెల్ ఫార్మాట్‌ను, అంటే గడిలో అంకె కనిపించే తీరును, 000గా మార్చాను. అంతా అర నిమిషంలో ముగిసినందుకు కాస్త మురిసిపోయాను కూడా.

ఫార్మాట్ అనేది అంకెకు తొడిగిన చొక్కా మాత్రమేనని, స్ప్రెడ్‌షీట్‌లోని వివరాలను లేబుళ్ల మీదికి ఎక్కించే మెయిల్ మెర్జ్ ఆ చొక్కాను అక్కడే వదిలేసి లోపలి విలువను మాత్రమే పట్టుకుపోతుందని అప్పుడు గానీ నాకు తట్టలేదు. పక్క నిలువు వరుసలో అంకెను కోరిన రూపంలో అక్షరాలుగా మార్చే టెక్స్ట్ ఫంక్షన్ రాసి, ముందు "పెట్టె-" అనే మాటను యాంపర్‌సాండ్ (&) గుర్తుతో కలిపాక, సున్నాలు నిజంగానే అక్షరాలై కుదురుకున్నాయి. అవి అలంకారం కోసం కాదు. అవి లేకపోతే క్రమంలో పేర్చినప్పుడు "పెట్టె-10" వచ్చి "పెట్టె-2" కంటే ముందు కూర్చుంటుంది.

రెండోసారి తొందరపడలేదు. ముందుగా మామూలు కాగితం మీద ఒక్క పేజీ తీసి, దానిని లేబుల్ షీటు వెనుక ఆనించి, కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, 001 నుండి 030 వరకు ప్రతి సంఖ్యా తన గడిలోనే ఉందో లేదో వేలితో తడుముతూ చూశాను.