అమ్మ కడిగిన స్పాంజి

ఆదివారం రాత్రి పదకొండు అవుతోంది, చేతులింకా చేపల నీళ్ళ వాసన కొడుతూనే ఉన్నాయి, రెండుసార్లు సబ్బు పెట్టి కడిగినా పోలేదు.

ఆఫీసు పని మీద గురువారం పొద్దున్నే బెంగళూరు వెళ్ళి నిన్న అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చా. ఇవాళ ఆరింటికి లేచి హాల్లోకి రాగానే ఏదో తేడాగా అనిపించింది. మామూలుగా నేను కనపడితే చాలు, అయిదు ఏంజెల్ చేపలూ అక్వేరియం అద్దం దగ్గరికొచ్చి తిండి కోసం గంతులేస్తాయి, ఆ నల్లచారల పెద్దదానికైతే అసలు సిగ్గే లేదు, వేలు పెడితే వేలునే పొడుస్తుంది. అలాంటిది ఇవాళ అన్నీ పైకెళ్ళి ఫిల్టర్ నీళ్ళు పడే మూల గుంపుగా చేరి గబగబా మొప్పలు కొట్టుకుంటున్నాయి. చిన్నదైతే రెక్కలు ముడుచుకుని మడత పెట్టిన గొడుగులా ఒక పక్కకి ఒరిగి ఉంది.

ముందు హీటర్ పోయిందేమో అనుకున్నా. థర్మామీటర్ 27 డిగ్రీలు చూపిస్తోంది, బానే ఉంది. ఒంటి మీద తెల్ల చుక్కలేమైనా ఉన్నాయా అని టార్చ్ వేసి చూశా, లేవు. అప్పుడు టెస్ట్ కిట్ తీశా. 5 ఎమ్ఎల్ నీళ్ళు, రెండు సీసాల్లోంచి ఎనిమిదేసి చుక్కలు, అయిదు నిమిషాలు ఆగాలి. పసుపుగా ఉంటే భయం లేదు. నాకు కళ్ళ ముందే ఆకుపచ్చ అయిపోయింది, అట్ట మీద రంగులతో పోలిస్తే అమ్మోనియా, అంటే చేపలు వదిలే విషం, 1 దగ్గర తేలింది. ఎప్పుడూ సున్నా ఉండే ట్యాంకు ఇది!

వంటింట్లోకెళ్ళి "అమ్మా, నేను లేనప్పుడు ఫిల్టర్ ఏమైనా ముట్టుకున్నావా" అనడిగా.

"ముట్టుకోడమేంటి, శుభ్రంగా కడిగా. నువ్వెళ్ళిన రోజే. ఎంత మురికిరా బాబూ, నల్లగా బంకబంకగా, పాపం ఆ చేపలు అందులో ఎలా ఉంటున్నాయో ఏమో. సబ్బు పెట్టలేదులే, ఉత్త వేడినీళ్ళే. ఎండలో ఆరేసి సాయంత్రం మళ్ళీ పెట్టేశా."

వేడినీళ్ళు, ఆపైన ఎండ! నేను గట్టిగా అరిచేశా, ఆ మురికే కదమ్మా వాటి ప్రాణం అని. అమ్మ ఏమీ అనకుండా దోసె తిప్పేసి స్టవ్ ఆపేసి వెళ్ళిపోయింది. తప్పు నాదే, ఫిల్టర్ స్పాంజి జోలికి వెళ్ళొద్దని చెప్పి వెళ్ళాల్సింది. ఇంకో తప్పు కూడా నాదే, రూపాయి బిళ్ళంత ఉన్నప్పుడు తెచ్చా కాబట్టి 85 లీటర్ల ట్యాంకులో అయిదు సరిపోయాయి, ఇప్పుడు రెక్కలతో కలిపి అరచేతి కన్నా ఎత్తు పెరిగాయి, వీటి దెబ్బకి ఏ ఫిల్టరైనా అంచు మీదే బతుకుతుంది. కొన్న చోట ఎనిమిది పెట్టుకోవచ్చన్నారు, నయం వినలేదు.

అదే షాపుకి ఫోన్ చేస్తే నీలం మందు పోయండి, యాంటీబయోటిక్ వేయండి అన్నాడు. స్పాంజిలో అమ్మోనియాని తినే ఏ నాలుగు బ్యాక్టీరియా మిగిలి ఉన్నాయో వాటిని కూడా చంపేస్తుంది ఆ నీలం మందు, సరే అని ఫోన్ పెట్టేశా.

తర్వాత బాబాయికి చేశా. భీమవరం పక్కన చెరువులేస్తాడు, రొయ్యలూ చేపలూ. నా మాట పూర్తి కాకుండానే "పీహెచ్ ఎంతరా" అన్నాడు. 8 అన్నా, మాది బోరు కలిసిన నీళ్ళు కదా. "అదే మరి, 7 దగ్గర ఉంటే అంత భయం లేదు, ఎనిమిదికెళ్తే అదే అమ్మోనియా దాదాపు పది రెట్లు విషం. మాకు మజ్జానం ఎండకి చెరువు పీహెచ్ ఎక్కుతుందే, అప్పుడే గుండె దడ. మందులేం పొయ్యమాకు, నీళ్ళు మార్చు, తిండి ఆపు, గాలి పెంచు." ఆ తర్వాత అమ్మోనియా నుంచే పుట్టే ఇంకో విషం, నైట్రైట్, అది కూడా లేస్తుంది, రాళ్ళ ఉప్పు కొంచెం వెయ్యమన్నాడు. ఫోన్ పెట్టేస్తూ "అయిదు చేపలకి ఇంత గోలా, నాకు రాత్రి కరెంటు పోయి జనరేటర్ ఎక్కకపోతే ఏరేటర్లు ఆగి తెల్లారేసరికి చెరువంతా తేలుద్ది" అని నవ్వాడు. ఆయన నవ్వితే నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

బాల్కనీలో డ్రమ్ము ఖాళీ, ఊళ్ళో లేను కదా, నీళ్ళు పట్టి పెట్టలేదు. కుళాయిలో వచ్చే మంజీరా నీళ్ళే పట్టి క్లోరిన్ పోవడానికి చుక్కలేసి, కెటిల్లో కాచిన నీళ్ళు కలిపి, చెయ్యి పెట్టి చూసి, థర్మామీటర్ కూడా పెట్టి ట్యాంకుకి సమానం చేశా. పైపు నోటితో పీల్చేటప్పుడు తొందరలో ఒక గుటక లోపలికి పోయింది. రెండు బకెట్లు తీసి రెండు బకెట్లు నెమ్మదిగా పోశా, సాయంత్రం ఇంకో బకెట్. ఉప్పు ఇరవై లీటర్లకి ఒక పెద్ద స్పూను లెక్కన కరిగించి పోశా.

మధ్యాహ్నం పక్క కాలనీ ఫ్రెండ్ దగ్గరికెళ్ళా. వాడి ట్యాంకు రెండేళ్ళుగా ఒక్క జబ్బు లేకుండా నడుస్తోంది, రెండు స్పాంజిల్లో ఒకటి అడిగితే వాడి ట్యాంకు నీళ్ళతోనే కవర్లో పెట్టిచ్చాడు. స్కూటీ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని, ఆరిపోకూడదని ఎక్కడా ఆగకుండా వచ్చేశా.

తలుపు తీసిన అమ్మ కవర్ చూసి ముక్కు మూసుకుంది. "నేను కడిగిన దానికన్నా ఛండాలంగా ఉంది, దీన్నా ఇంత భద్రంగా తెచ్చావు?"

"ఇది తోడమ్మా" అన్నా. చేపలు వదిలే విషాన్ని తినే పురుగులు ఇందులో ఉంటాయి, కొత్తగా పుట్టాలంటే నెలా నెలన్నర పడుతుంది, అందుకే పక్కింట్లో గిన్నెడు పెరుగు అడిగి తెచ్చుకున్నట్టు తెచ్చా అని చెప్పా. అమ్మ కాసేపు ఆలోచించి "అయితే నేను తోడు గిన్నెని వేడినీళ్ళతో కడిగి బోర్లించేశానన్నమాట" అంది. అచ్చం అదే! ఆరు వారాలు ఛానెళ్ళన్నీ చూసి నేను నేర్చుకుంది ఆవిడకి ఒక్క మాటలో ఎక్కేసింది. పొద్దున అరిచినందుకు సారీ చెప్దామనుకున్నా గానీ నోరు రాలేదు, చల్లారిన దోసెలు తినేశా, అదే సారీ అని ఆవిడకీ తెలుసు.

ఇందాక పదిన్నరకి మళ్ళీ టెస్ట్ చేశా, పసుపూ ఆకుపచ్చా మధ్యలో, 0.25 కి కొంచెం అటూ ఇటూ. మొప్పలు నెమ్మదించాయి, పెద్దది కిందకి దిగింది. చిన్నది ఇంకా పైనే ఉంది గానీ రెక్క విప్పింది.

అమ్మ పడుకోబోతూ ఆగి "పొద్దుట్నించీ వాటికేమీ పెట్టలేదుగా" అంది. రేపు కూడా పెట్టనన్నా. "సర్లే, ఏకాదశి అనుకుంటాయి" అని లైటాపేసింది. నేను మళ్ళీ వేశా, చిన్నదాన్ని ఇంకోసారి చూద్దామని.