స్టాఫ్ మీటింగ్‌లో సర్క్యులర్ చదవకండి సార్!

బడిలో లాంగ్ బెల్లు కొట్టాక 12 మంది టీచర్లని కూర్చోబెట్టి 20 నిమిషాలు సర్క్యులర్ చదివితే పోయేది 20 నిమిషాలు కాదు, 4 గంటలు. 40 నిమిషాల పీరియడ్లు ఆరు. పైగా అది పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చేసే ఉంటుంది.

మీటింగ్‌కి అరగంట చాలు. అజెండా ముందురోజే, ప్రశ్నల్లా ఇవ్వాలి. "ఎఫ్ఏ-2 (రెండో ఫార్మేటివ్ పరీక్ష) మార్కులు" అని రాస్తే అందరూ తలూపుతారు, ఏదీ తేలదు. "ఎంట్రీ ఎవరు, ఏ రోజు, అందుకు ఏ పీరియడ్ ఖాళీ చేద్దాం?" అని రాస్తే మాట కదులుతుంది. హెచ్ఎం (హెడ్‌మాస్టర్) చివర్లో మాట్లాడాలి. ముందే తన అభిప్రాయం చెప్పేశారో, ఇక మిగతావాళ్లంతా "సరే సార్" బ్యాచే. కొత్తగా చేరిన టీచర్‌తో మొదలుపెట్టండి.

మినిట్స్ బుక్కులో ఉత్త సంతకాలే ఉంటే దండగ. ఎవరు, ఏం, ఎప్పటికి... ఒక్క లైను చాలు.

అసలు చిక్కంతా పని పంపకంలో ఉంది. కంప్యూటర్ వచ్చిన కుర్ర మాస్టారి నెత్తిన యూడైస్ (బడి వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించే పని), మధ్యాహ్న భోజనం లెక్కలు, మార్కుల ఎంట్రీ అన్నీ పడతాయి. ఇంకొకరికి నేర్పే తీరిక ఆయనకుండదు. నేర్పలేదు కాబట్టి ఎవరికీ రాదు, రాదు కాబట్టి మళ్లీ ఆయనకే! నెలకొకరికి మార్చి, మొదటి వారం ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెడితే ఈ ముడి విడుతుంది. సెలవు పెట్టినవాళ్ల క్లాసులూ అంతే. ఎవరి బదులు ఎవరు క్లాసుకి వెళ్లారో రాసే అడ్జస్ట్‌మెంట్ రిజిస్టర్ తిరగేస్తే ఎవరి పేరు మాటిమాటికీ వస్తోందో నిమిషంలో తెలుస్తుంది.

కొత్త పని నెత్తిన పెట్టేటప్పుడు పాతది ఏది ఆపుతున్నారో హెచ్ఎం అక్కడే చెప్పాలి. ఏదీ ఆపలేకపోతే ఆ మాటే చెప్పండి, దాచకండి.