కిటికీ వైపు తిరిగిన మెడ

ప్రత్యేక అవసరాలున్న పిల్లలు చదువుకునే మా భవిత కేంద్రంలో నా బల్ల మీద ఇప్పుడొక చెప్పుల డబ్బా ఉంటుంది. దానికి స్కెచ్ పెన్నుతో రెండు కళ్లు గీశాను. కింద కట్టెపుల్ల గుచ్చాను. పుల్ల తిప్పితే తల తిరుగుతుంది, అంతే. కేంద్రం చూడ్డానికి వచ్చినవాళ్లు ఇదేంటని అడుగుతుంటారు. దాని సంగతి చెప్పాలంటే పోయిన చలికాలం నుంచి మొదలుపెట్టాలి.

హనుమకొండకు దగ్గర్లో ఒక మండలంలో నేను ఐఈఆర్‌పీని. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పడం నా పని. పదమూడేళ్లయింది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఒక బాబుకు ఏడేళ్లు, ఆటిజం ఉంది. పేరు రాయను. తల్లి పత్తి ఏరడానికి పోయే రోజుల్లో నాయనమ్మ వెంటబెట్టుకొని వస్తుంది. ఏడాదిన్నరగా వస్తున్నా నా గాజులు చూస్తాడు, ఫ్యాను చూస్తాడు, నా మొహం మాత్రం చూడడు.

చూపు కలపకపోవడం ఒక్కటే అయితే నాకు అంత బెంగ ఉండేది కాదు. మామూలుగా ఏడాది దాటిన పిల్లలు గోడ మీద కోతి కనిపిస్తే వేలు పెట్టి చూపిస్తారు, వెంటనే అమ్మ మొహం చూస్తారు. నువ్వు కూడా చూశావా అన్నట్టు. దీన్నే మా ట్రైనింగుల్లో జాయింట్ అటెన్షన్ అంటారు. కోతిని చూస్తూ అమ్మ "కోతి" అంటుంది, ఆ పిల్లకు మాట దొరుకుతుంది. మా బాబు కోతిని చూస్తాడు. కానీ ఆ చూపులోకి ఇంకొకరిని రానివ్వడు.

డిసెంబర్‌లో నలుగురు ఇంజనీరింగ్ పిల్లలు వచ్చారు. ఫైనలియర్ ప్రాజెక్టు కోసం అడుగున్నర ఎత్తున్న రోబో చేశారు. తెల్లటి ప్లాస్టిక్ మొహం, మెడలో దాన్ని తిప్పే రెండు చిన్న సర్వో మోటార్లు, కడుపులో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు. మొదటి రోజే బెడిసికొట్టింది. మెడ తిరిగినప్పుడు గీరుమని చప్పుడు రాగానే బాబు చెవులు మూసుకొని బల్ల కిందికి దూరాడు. పైగా అది "నమస్కారం, మీ పేరు ఏమిటి?" అని టీవీ వార్తల్లోలా అడిగింది. నాయనమ్మ నన్ను చూసి "గిది ఎవ్వల మాట బిడ్డా?" అంది.

ఆ పిల్లలు ఏమీ అనుకోలేదు, నోటుబుక్కు తీసి రాసుకున్నారు. మెడ నెమ్మదిగా తిరగాలని చెప్పాను, ఆ గొంతు తీసేయమన్నాను. రెండు వారాల తర్వాత చప్పుడు తగ్గించుకొని వచ్చారు. గొంతు నాయనమ్మదే పెట్టారు. ఆమె చేత ఒకే ఒక్క మాట రికార్డు చేయించారు: "అటు సూడు కొడుకా." తల కిటికీ వైపు తిరగాలి, ఆ మాట రావాలి. మేం పెట్టుకున్న పాఠమంతా అదే.

అసలు యంత్రంతో ఎందుకు అని నన్ను చాలామంది అడిగారు. మన మొహం ఒక్క క్షణం ఒకలా ఉండదు. నేను "గుడ్" అని పదిసార్లు అంటే పదిసార్లూ కనుబొమ్మలు వేరుగా కదులుతాయి, గొంతు వేరుగా ఉంటుంది. ఇలాంటి పిల్లలకు అదంతా ఒక్కసారిగా మీద పడుతుంది. ఇంగ్లండ్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ యూనివర్సిటీవాళ్లు 2005 నుంచి కాస్పర్ అనే రోబోతో పనిచేస్తున్నారు. చిన్న పిల్లాడంత ఉంటుంది. దాని మొహంలో హావభావాలు కావాలనే తక్కువ పెట్టారు. గట్టిగా గిల్లితే నొప్పి అని చెబుతుంది. ఎన్నిసార్లు గిల్లినా అదే గొంతుతో అదే మాట.

ఈ సంగతి బాబు తల్లికి చెప్పాను. ఆమె చేతుల మీద గిల్లిన మచ్చలు ఎప్పుడూ ఉంటాయి. "నాకు గూడ నొస్తది గద మేడమ్, నేను జెప్తే ఎందుకు ఇనడు?" అంది. నాకు వెంటనే ఏమీ తోచలేదు. తర్వాత కూర్చోబెట్టి చెప్పాను: నీకు నొచ్చినప్పుడు కోపం, ఏడుపు, కేక అన్నీ కలిసి వస్తాయి చెల్లె, వాడు దానికి భయపడి ఇంకా గట్టిగా పట్టుకుంటున్నాడేమో. అప్పటి నుంచి ఆమె చెయ్యి మెల్లగా విడిపించుకొని "నొప్పి" అని ఒక్క మాటే అంటోంది. మచ్చలు పూర్తిగా పోలేదు, తగ్గాయి.

ఇక కిటికీ సంగతి. మా కేంద్రం ముందు నుంచి పదకొండింటికి పల్లెవెలుగు బస్సు పోతుంది. రోజూ ఆ సమయానికి రోబో తల తిప్పేలా పెట్టాం. నేను బాబు పక్కనే కూర్చునేదాన్ని. మొదటి వారం రోబో మెడనే చూశాడు. తర్వాత మెడ తిరిగిన వైపు చూశాడు. జనవరి చివర ఒక రోజు తల తిరిగింది, బస్సు వచ్చింది, బాబు బస్సును చూసి గిర్రున నా వైపు తిరిగాడు. రెండు సెకన్లు ఉంటుందేమో. నా కళ్లలోకి చూశాడు. "బస్సు" అన్నాను. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది.

అమెరికాలో యేల్ యూనివర్సిటీవాళ్లు 2018లో ఇలాంటి పనే ఇళ్లలో చేశారు. ఆటిజం ఉన్న 12 మంది పిల్లలు, నెల రోజులు, రోజుకు అరగంట, పక్కన ఇంటి పెద్దవాళ్లు. పిల్లల్లో జాయింట్ అటెన్షన్ మెరుగైంది. రోబోను తీసేశాక నెలకు అందులో కొంత జారిపోయింది కూడా. ఆ చివరి వాక్యం మీద నేను చాలా రోజులు ఆగిపోయాను.

ఎందుకంటే మా రోబో కూడా పోయింది. వైవా ఉందని, కాలేజీలో అప్పజెప్పాలని మార్చిలో తీసుకెళ్లారు. వాళ్లను తప్పు పట్టను, చాలా బాధపడుతూనే తీసుకెళ్లారు. బాబు మాత్రం మూడు రోజులు వచ్చి బల్ల మీద అది ఉండే చోట అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఇలా పోయింది మా రోబో ఒక్కటే కాదు. యేల్‌వాళ్లు వాడింది జీబో అనే రోబో. దాన్ని నడిపే సర్వర్లు ఆగిపోతున్నాయని 2019లో ప్రకటించారు. పిల్లల కోసమని మాక్సీ అనే రోబోను దాదాపు 800 డాలర్లకు అమ్మిన కంపెనీ కూడా 2024 డిసెంబర్‌లో మూతపడుతున్నట్టు చెప్పింది. స్నేహితుడనుకున్నది ఇక మాట్లాడదని అక్కడి తల్లిదండ్రులు పిల్లలకు చెప్పాల్సి వచ్చింది.

ఇలాంటి యంత్రాలు ఆస్పత్రులకూ బడులకూ ఇంకా వస్తాయి, రావాలి. తెచ్చేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. అది ఎప్పుడు పోతుందో మొదటి రోజే చెప్పండి. బొమ్మల కార్డుల మీద రోజులు కొట్టేసుకుంటూ పిల్లలను సిద్ధం చేసుకుంటాం. టీచర్ బదిలీ అవుతున్నా మేం చేసేది అదే. మావి కాంట్రాక్టు ఉద్యోగాలు, ఆ కార్డులు నా కోసం కూడా ఒక కట్ట చేసి పెట్టాను.

చెప్పుల డబ్బా నాలుగో రోజు చేశాను. మొదట్లో వద్దని తోసేశాడు. మెల్లగా పుల్ల నేను తిప్పితే ఆ వైపు చూడసాగాడు. "అటు సూడు కొడుకా" అని నాయనమ్మే అనేది. పోయిన శనివారం తల్లి తీసుకుపోవడానికి వచ్చి గడప దగ్గర చెప్పులు విడుస్తోంది. బాబు నా చేతిలోంచి పుల్ల లాక్కున్నాడు. డబ్బా తలను నెమ్మదిగా, మోటారు తిరిగినట్టే, గడప వైపు తిప్పి నా మొహం చూశాడు.

"అమ్మ" అన్నాను.