ఫైల్ స్టేటస్ 39 నన్ను తిప్పిన తిప్పలు – నా అనుభవం

మెయిన్‌ఫ్రేమ్ మీద మా కోబాల్ జాబ్ ఇప్పుడే రిటర్న్ కోడ్ సున్నాతో, అంటే ఎర్రర్ లేకుండా, అయింది, కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మొదటి స్టెప్‌లో ఫైల్ స్టేటస్ (ఫైల్ మీద చేసిన పని ఏమైందో చెప్పే రెండంకెల కోడ్) 35 వచ్చింది. వీశామ్ క్లస్టర్ (కీతో రికార్డులు వెతికే మెయిన్‌ఫ్రేమ్ ఫైల్) డిఫైన్ చేశారు గానీ ఒక్క రికార్డూ లోడ్ చెయ్యలేదు, అలాంటిదాన్ని ఇన్‌పుట్‌గా ఓపెన్ చేస్తే అంతే. లోడ్ చేయించా, పోయింది.

రెండో స్టెప్పే ప్రాణం తీసింది. జాబ్ తిరుగుతూనే ఉంటుంది, అవుట్‌పుట్ ఉండదు, చివరికి ఎస్322 అబెండ్ (జాబ్ మధ్యలోనే చచ్చిపోవడం), అంటే టైమ్ లిమిట్ దాటిపోయింది. సపోర్ట్ వాళ్ల సలహా ఏంటంటే జేసీఎల్‌లో (జాబ్‌ని నడిపే స్క్రిప్ట్‌లో) టైమ్ పెంచమని! పెంచితే ఇంకాసేపు తిరిగి చచ్చింది. పైగా కాల్‌లో అందరూ వింటుండగా "కోబాల్ కొత్తా మీకు?" అన్నాడొకాయన.

కోడ్ తెరిచి చూస్తే, సెలెక్ట్‌లో (ప్రోగ్రాంకి ఫైల్‌ని పరిచయం చేసే చోట) ఫైల్ స్టేటస్ క్లాజ్ ఇచ్చారు, ఓపెన్ తర్వాత దాన్ని చూసే లైను మాత్రం లేదు. ఎవరు రాశారో గానీ దండం పెట్టాలి. ఆ క్లాజ్ ఇచ్చామంటే ఎర్రర్ సంగతి మనమే చూసుకోవాలి, ఓపెన్ ఫెయిలైనా ప్రోగ్రాం ఆగదు. రీడ్ లూపేమో స్టేటస్ 10 (ఫైల్ అయిపోయింది) వచ్చేదాకా తిరగాలి, ఓపెనే కాని ఫైల్‌కి 10 ఎక్కణ్ణుంచి వస్తుంది, రీడ్ చేసిన ప్రతిసారీ 47 (ఇన్‌పుట్‌గా ఓపెన్ కాని ఫైల్) వస్తుంది. అసలు ఓపెన్‌లో వచ్చిన కోడ్‌ని కూడా ఆ 47 తుడిచేసింది, ఫీల్డ్ ఒక్కటే కదా. లూప్‌లో డిస్‌ప్లే పెడితే స్పూల్ (జాబ్ ప్రింట్లు పడే చోటు) నిండా 47లే. ఓపెన్ కిందే డిస్‌ప్లే పెట్టాక దొరికింది దొంగ: 39.

39 అంటే ప్రోగ్రాంలో చెప్పిన ఫైల్ వివరాలకీ అసలు ఫైల్‌కీ పొసగట్లేదని. లిస్ట్‌క్యాట్ (ఫైల్ అసలు వివరాలు చూపే కమాండ్) తీశా, కీలెన్, అంటే కీ పొడవు, 12 ఉంది. మా రికార్డ్ కీ 10 బైట్లు, స్పెక్‌లోనూ 10 అనే ఉంది.

ఓపెన్ తర్వాత 00 (అంతా సవ్యం) కాకపోతే చాలని అబెండ్ చేయించకండి, 97 వచ్చినా ఓపెన్ అయినట్టే, ముందెవరో ఫైల్‌ని సరిగా క్లోజ్ చెయ్యలేదంతే. వీశామ్‌కైతే రెండో స్టేటస్ ఫీల్డ్ కూడా పెట్టుకోండి, వీశామ్ సొంతంగా ఇచ్చే ఫీడ్‌బ్యాక్ కోడ్ అందులో వస్తుంది.

క్లస్టర్ డిఫైన్ చేసినాయన చప్పుడు చెయ్యకుండా కీ 10కి మార్చి మళ్లీ లోడ్ చేసి, టికెట్‌లో మాత్రం "అప్లికేషన్ ఇష్యూ" అని రాసి క్లోజ్ చేశాడు. నేను లిస్ట్‌క్యాట్ అతికించి టికెట్‌ని మళ్లీ ఓపెన్ చేశా.