కైల్ ఫీల్డ్‌లో ఏడు ఓవర్‌టైమ్‌లు

టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో మాస్టర్స్ సీటొచ్చిన పిల్లలు ఫోన్ చేస్తుంటారు. అపార్ట్‌మెంట్, ఆన్ క్యాంపస్ జాబ్, కిరాణా అన్నీ అడిగేశాక చివర్లో ఈ ప్రశ్న వస్తుంది: "అన్నా, ఫుట్‌బాల్ స్పోర్ట్స్ పాస్ కొనాలా? ఆ ఆట మనకేం తెలుస్తుంది?" కొనమనే చెప్తాను. ఎందుకు కొనాలో ఫోన్లో చెప్పడం కష్టం. 2018 నవంబర్ 24 రాత్రి మా స్టేడియం కైల్ ఫీల్డ్‌లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) జట్టుతో జరిగిన మ్యాచ్ గురించి చెప్తే తప్ప అది అర్థం కాదు.

ముందు ఆట సంగతి. ఇది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. నాకు నేర్పింది మా ల్యాబ్‌లో పనిచేసే టెక్సస్ కుర్రాడు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, పోలేకపోతే బంతి అవతలివాళ్ళది. బంతిని మైదానం చివరనున్న పట్టీలోకి, అంటే ఎండ్ జోన్‌లోకి చేరిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఆ తర్వాత బంతిని గోల్‌పోస్టుల మధ్య నుంచి తన్నితే ఇంకొకటి. తన్నకుండా మూడు గజాల దూరం నుంచి మళ్ళీ ఎండ్ జోన్‌లోకి చేర్చగలిగితే రెండు. చూడ్డం మొదలుపెట్టడానికి ఇది చాలు. మిగతా రూల్స్ పక్కసీటువాళ్ళు చెప్తారు, అడక్కపోయినా చెప్తారు.

యూనివర్సిటీ ఉన్న ఊరు కాలేజ్ స్టేషన్‌లో ఆటకంటే ముందు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. ఈ యూనివర్సిటీ విద్యార్థులు మ్యాచ్ జరిగినంతసేపూ కూర్చోరు. దానికో కథ ఉంది. 1922 జనవరి 2న డల్లాస్‌లో సెంటర్ కాలేజ్ జట్టుతో మ్యాచ్. ఏ అండ్ ఎమ్ ఆటగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు దెబ్బలు తగిలి బయటికొస్తున్నారు. కోచ్ డానా బైబుల్‌కి రిజర్వులో మనుషులు అయిపోయేలా ఉన్నారు. అప్పుడాయనకు ఇ. కింగ్ గిల్ గుర్తొచ్చాడు. అంతకుముందే ఫుట్‌బాల్ జట్టు వదిలేసి బాస్కెట్‌బాల్‌కి వెళ్ళిపోయిన కుర్రాడు, ఆ రోజు పైన ప్రెస్ బాక్స్‌లో కూర్చుని ఆటగాళ్ళను గుర్తుపట్టడంలో విలేకరికి సాయం చేస్తున్నాడు. కోచ్ కబురు పెట్టగానే కిందికి వచ్చి, దెబ్బ తగిలిన ఆటగాడి యూనిఫామ్ తొడుక్కుని మైదానం పక్కన నిలబడ్డాడు. మ్యాచ్ అయ్యేదాకా అలాగే నిలబడి ఉన్నాడు. జట్టు 22-14తో గెలిచింది. గిల్ ఒక్కసారి కూడా మైదానంలోకి దిగాల్సిన పని పడలేదు. పిలిస్తే దిగడానికి సిద్ధంగా ఉన్నాడు, అంతే. వందేళ్ళుగా విద్యార్థులు అతని పేరు చెప్పుకుని నిలబడుతున్నారు. పదకొండుమంది ఆడతారు, పన్నెండోవాడు స్టాండ్స్‌లో ఉంటాడు.

ఈ కథ విన్నప్పుడు బాగుంది అనిపించింది. అందులో ఏముందో ఎల్‌ఎస్‌యూ మ్యాచ్ దాకా నాకు ఒంటికి పట్టలేదు.

టికెట్ల పద్ధతి అప్పట్లో ఇలా ఉండేది. పాస్ ఉన్నంత మాత్రాన సీటు రాదు. మ్యాచ్ ఉన్న వారంలో స్టేడియం కిటికీల దగ్గరికెళ్ళి టికెట్ తీసుకోవాలి. దీన్ని 'టికెట్ పుల్' అంటారు. మామూలుగా సోమవారం సీనియర్లకు, మంగళవారం ఆ కింది ఏడాదివాళ్ళకు, అలా వరసగా వస్తుంది. గ్రాడ్యుయేట్ విద్యార్థులు సీనియర్లతోపాటే వెళ్ళొచ్చు. పెద్ద మ్యాచ్ అయితే ముందురోజు రాత్రే గుడారాలు వేసుకుని లైన్లో పడుకునేవాళ్ళుంటారు. ఒకరు నలుగురైదుగురి ఐడీ కార్డులు పట్టుకెళ్ళి అందరికీ పక్కపక్క సీట్లు తీసుకోవచ్చు. మా బ్యాచ్‌లో ఆ పని, మేం 'ఖమ్మం అన్న' అని పిలిచే ఆయనది. ఆయన ఒకే మాట అన్నాడు: "నిలబడే ఓపిక ఉంటేనే కార్డియ్యి తమ్ముడూ. మధ్యలో కూర్చుంటే నా పరువు పోద్ది."

అది థ్యాంక్స్‌గివింగ్ వారం. అమెరికన్ పిల్లలు చాలామంది ఇళ్ళకు వెళ్ళిపోయి శనివారానికి తిరిగొస్తారు. మనవాళ్ళు ఎక్కడికి పోతాం? క్యాంపస్ ఖాళీ అయిపోయి, బస్సులు తగ్గిపోయి, డైనింగ్ హాళ్ళు మూసేసిన ఆ నాలుగు రోజులు ఇంటి మీద బెంగ బాగా కమ్మేస్తుంది. ఆ వారాంతంలో మ్యాచ్ ఉండటం ఎంత మేలో అప్పుడే తెలిసింది.

అసలు థ్యాంక్స్‌గివింగ్ మ్యాచ్ అంటే ఒకప్పుడు ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీతోనే. ఆ మ్యాచ్ ముందు విద్యార్థులు దుంగలు పేర్చి పెద్ద బాన్‌ఫైర్ వేసేవాళ్ళు. 1999 నవంబర్ 18 తెల్లవారుజామున ఆ దుంగల కట్టడం కూలి 12 మంది చనిపోయారు. అప్పట్నించి క్యాంపస్‌లో దాన్ని వేయడం లేదు. చనిపోయినవాళ్ళ జ్ఞాపకార్థం కట్టిన స్మారకం దగ్గరికి కొత్తగా వచ్చినవాళ్ళు ఒక్కసారైనా వెళ్ళిరావాలి. 2012లో ఏ అండ్ ఎమ్ ఎస్‌ఈసీ (సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్) లీగ్‌లోకి మారాక టెక్సస్‌తో మ్యాచ్‌లు 2024 దాకా ఆగిపోయాయి, కొన్నాళ్ళకు ఆ వారాంతం ఎల్‌ఎస్‌యూది అయింది. లీగ్ మారినప్పట్నించి ఆ రోజు దాకా ఎల్‌ఎస్‌యూని మావాళ్ళు ఒక్కసారి కూడా ఓడించలేదు.

శుక్రవారం అర్ధరాత్రి 'మిడ్‌నైట్ యెల్'కి వెళ్ళాం. మ్యాచ్‌లో అందరూ కలిసి అరిచే నినాదాలకు (వీటినే యెల్స్ అంటారు) ఇది రిహార్సల్. తెల్లబట్టల్లో అయిదుగురు యెల్ లీడర్లు ఉంటారు. చీర్‌లీడర్ల బృందం ఇక్కడ లేదు, విద్యార్థులు ఎన్నుకున్న ఈ అయిదుగురే. వాళ్ళు చేతులతో ఒక సైగ చేస్తారు. కింది వరసలవాళ్ళు అదే సైగ వెనక్కి చూపిస్తారు, వాళ్ళ వెనకవాళ్ళు ఇంకా వెనక్కి. కొన్ని క్షణాల్లో పై అంతస్తు దాకా పాకుతుంది. అప్పుడు అందరూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ముందుకు వంగి, ఒక్క గొంతుతో అరుస్తారు. వంగి అరిస్తే గొంతులోంచి కాకుండా పొట్టలోంచి వస్తుంది శబ్దం. చివర్లో లైట్లన్నీ ఆర్పేస్తారు. జంటలు ముద్దు పెట్టుకుంటారు, జంట లేనివాళ్ళు లైటరో ఫోనో వెలిగించి పట్టుకుంటారు. మా వరసంతా ఫోన్లే.

ఎవరెన్ని చెప్పినా, మిడ్‌నైట్ యెల్‌కి వెళ్ళకుండా నేరుగా మ్యాచ్‌కి పోవద్దు. ఏ సైగకి ఏ మాటో తెలియకపోతే మర్నాడు లక్షమందిలో పరాయివాళ్ళలా నిలబడాల్సి వస్తుంది.

శనివారం ఆట సాయంత్రం ఆరున్నరకి. ట్రాన్స్‌పరెంట్ ప్లాస్టిక్ సంచీ, చిన్న చేతిపర్సు తప్ప ఇంకే బ్యాగూ లోపలికి రానివ్వరు. తిండి బయటే తినేయాలి. ఖమ్మం అన్న రూమ్మేట్ పులిహోర కలుపుకొచ్చాడు, పార్కింగ్ స్థలంలో నిలబడే తిన్నాం. పక్కన గ్రిల్ పెట్టుకున్న ఓ కుటుంబంలోని పెద్దావిడ "హౌడీ" అని పలకరించి, మేం తినేది ఏమిటని అడిగి, కొంచెం పెట్టించుకుని తింది. ఈ ఊళ్ళో ఆ పలకరింపు మొహమాటానికి కాదు, నిజంగానే పలకరిస్తారు.

లోపలికి వెళ్ళేముందు ఉత్తరం వైపు ఒక చోటు చూడాలి. జట్టు మస్కట్ రెవెల్లీ అనే కోలీ కుక్క. మొదటి రెవెల్లీ 1931 నాటిది, జాతీ గీతీ లేని ఊరకుక్క. చనిపోయిన రెవెల్లీలందరినీ స్టేడియం బయట వరసగా పాతిపెట్టారు. వాటికి స్కోరు కనపడాలని ఆ సమాధుల ఎదురుగా చిన్న స్కోర్‌బోర్డు పెట్టారు. నేను కాసేపు అక్కడే ఆగిపోయాను. చచ్చిపోయిన కుక్కలకు కూడా మ్యాచ్ చూపించాలనుకునే ఊరు ఇది.

ఆ రాత్రి హాజరు 1,01,501. మా సీట్లు మూడో అంతస్తులో. యూనివర్సిటీ పాట చివర్లో అందరూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని పక్కలకు ఊగుతారు. అప్పుడు కాళ్ళ కింద కాంక్రీటు ఊగడం స్పష్టంగా తెలుస్తుంది. మొదటిసారి గుండె ఝల్లుమంది. ఇటుపక్కనున్న తెలియని అమ్మాయి "ఇట్స్ ఓకే, ఇది ఎప్పుడూ ఊగుతుంది" అంది.

ఆ తర్వాత పని మొదలైంది. పని అనే అంటాను. బంతి ఎల్‌ఎస్‌యూ చేతిలో ఉన్నప్పుడు అరవాలి, వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ ఆట నడిపించేవాడు) జో బరో చెప్పేది తన పక్కవాడికి కూడా వినపడకూడదు. బంతి మనవాళ్ళకి రాగానే గొంతు తగ్గించాలి, మన క్వార్టర్‌బ్యాక్ కెలెన్ మాండ్ చెప్పేది మనవాళ్ళందరికీ వినపడాలి. ఎప్పుడు అరవాలో ఎప్పుడు ఆపాలో లక్షమందికీ తెలుసు.

ఆఖరిదైన నాలుగో క్వార్టర్ చివరికి వచ్చేసరికి ఎల్‌ఎస్‌యూ 31-24 ఆధిక్యంలో ఉంది. మాండ్ విసిరిన బంతిని అవతలివాళ్ళు పట్టేశారు. అయిపోయింది. ఎల్‌ఎస్‌యూ ఆటగాళ్ళు గెలుపు సంబరంగా గేటరేడ్ (ఆటగాళ్ళు తాగే డ్రింకు) డ్రమ్ము తీసుకొచ్చి వాళ్ళ కోచ్ ఎడ్ ఓర్జరాన్ నెత్తిన గుమ్మరించారు. మా కింది వరసల్లో కొందరు లేచి వెళ్ళిపోయారు. రిప్లే చూసిన అంపైర్లు చెల్లదన్నారు. ప్రతి ప్రయత్నం మొదట్లో వెనక్కి అందించే బంతిని స్నాప్ అంటారు; కిందికొచ్చిన ఆ స్నాప్‌ను అందుకునేటప్పుడే మాండ్ మోకాలు నేలకు తగిలింది, కాబట్టి ఆ ప్లే (ప్రయత్నం) అక్కడితోనే ముగిసినట్టు. బంతి మళ్ళీ మాదే. నాలుగో ప్రయత్నానికి పద్దెనిమిది గజాలు కావాలి. మా ఆటగాడు క్వార్ట్నీ డేవిస్ ఇరవై గజాల దగ్గర పట్టాడు! ఆఖరికి గడియారంలో ఒక్క సెకను మిగిలింది. అది కూడా సున్నా అయిపోయాక అంపైర్లు చూసి తిరిగిచ్చిన సెకను. ఆ ఒక్క సెకనులో మాండ్ విసిరాడు, ఎండ్ జోన్‌లో మళ్ళీ డేవిస్ పట్టాడు. 31-31. నేనెవర్ని కావలించుకున్నానో నాకు గుర్తులేదు.

ఓవర్‌టైమ్ మన సూపర్ ఓవర్ లాంటిదే. ఒక్కో జట్టుకీ 25 గజాల దూరం నుంచి ఒక్కో అవకాశం. సమానమైతే మళ్ళీ. మూడో ఓవర్‌టైమ్ నుంచి టచ్‌డౌన్ తర్వాత బంతి తన్నడానికి వీల్లేదు, రెండు పాయింట్లకే ప్రయత్నించాలి. అవి ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఇలా పోతూనే ఉన్నాయి. అయిదో ఓవర్‌టైమ్‌కి నా పిక్కలు బిగుసుకుపోయాయి. గొంతులోంచి గాలి తప్ప మాట రావట్లేదు. వెనక్కి తిరిగి చూశాను. పై వరస దాకా ఒక్కడు కూర్చోలేదు. ముందు వరసలో ఓ కుర్రాడు కాలికి ఆర్థోపెడిక్ బూటు వేసుకుని, రెయిలింగ్ పట్టుకుని, బరువంతా రెండో కాలి మీద మోపి నిలబడి ఉన్నాడు. పక్కవాళ్ళిద్దరూ చెరో వైపు చంకల కింద చెయ్యేసి పట్టుకున్నారు. ప్రతి యెల్‌కీ ముగ్గురూ కలిసి వంగుతున్నారు, కలిసి లేస్తున్నారు.

గిల్ కథ నాకు అప్పుడు ఒంటికి పట్టింది. మైదానంలో ఆడుతున్న కుర్రాళ్ళు అప్పటికి నాలుగున్నర గంటలుగా ఒకరినొకరు గుద్దుకుంటున్నారు. వాళ్ళు తలెత్తి చూస్తే నిలబడ్డ మనుషులే కనపడాలి. ప్రేక్షకుడిగా టికెట్ కొనుక్కుని వచ్చిన నాకు అక్కడ ఒక బాధ్యత అప్పగించారు. ఎక్కడో గుంటూరు జిల్లా నుంచి వచ్చినవాణ్ణి, ఆ ఆట ఏనాడూ ఆడనివాణ్ణి, నన్ను కూడా ఆ లెక్కలో వేసుకున్నారు. ఆ దేశంలో అడుగుపెట్టాక ఒక గుంపులో నేను ఒకణ్ణని నాకనిపించిన మొదటి రాత్రి అది.

ఏడో ఓవర్‌టైమ్‌లో ఎల్‌ఎస్‌యూ టచ్‌డౌన్ చేసింది, రెండు పాయింట్ల ప్రయత్నం మాత్రం తప్పింది. మాకు డేవిస్ ఇంకో టచ్‌డౌన్ పట్టాడు, 72-72. ఇక రెండు పాయింట్లు కావాలి. కెండ్రిక్ రోజర్స్ పట్టాడు. 74-72. అగ్రశ్రేణి కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక మ్యాచ్‌లో 146 పాయింట్లు అంతకుముందెప్పుడూ రాలేదు. జనం కంచె దాటి మైదానంలోకి దూకారు. మేం పైనే ఉండిపోయాం, దిగే ఓపిక ఎవరికీ లేదు.

బయటికొచ్చి చూస్తే ఇంటి నుంచి మిస్డ్ కాల్స్. మనకక్కడ ఆదివారం పొద్దున పది దాటింది, నాన్న వారం వారం మాట్లాడే టైమ్. తిరిగి ఫోన్ చేస్తే నా గొంతు విని జ్వరమొచ్చిందనుకున్నారు. ఆట గురించి చెప్తుంటే ఓపిగ్గా విని, "అయితే ఏడుసార్లేనా, ఎవరో ఒకరు గెలిచేదాకా ఎన్నిసార్లయినా ఆడిస్తారా?" అనడిగారు. గెలిచేదాకా ఆడిస్తారని చెప్పాను.

అదే ప్రశ్న ఫుట్‌బాల్ పెద్దలకూ వచ్చింది. 2019లో రూల్ మార్చారు. అయిదో ఓవర్‌టైమ్ నుంచి 25 గజాల ఆట ఉండదు, రెండు పాయింట్ల ప్రయత్నాలే. 2021లో దాన్ని మూడో ఓవర్‌టైమ్‌కే తెచ్చారు. ఆ ఏడాదే ఇల్లినాయ్, పెన్ స్టేట్ మ్యాచ్ తొమ్మిది ఓవర్‌టైమ్‌లు సాగింది. స్కోరు మాత్రం 20-18. ఆటగాళ్ళ ఒంటిని కాపాడాలన్న ఉద్దేశం సరైనదే, దాంతో నాకు పేచీ లేదు. ఆ రాత్రి చివర్లో డిఫెన్స్ కుర్రాళ్ళు నడుం మీద చేతులు పెట్టుకుని ఊపిరి కోసం తన్నుకోవడం నేను కళ్ళారా చూశాను. కానీ మూడు గజాల నుంచి ఒక్కో ప్లేతో తేల్చేస్తే, పాతిక గజాలు లాక్కుంటూ పోయే ఆ పోరాటం ఎక్కడుంటుంది? కనీసం నాలుగో ఓవర్‌టైమ్ దాకా పాత పద్ధతే ఉంచాల్సిందని నా గట్టి అభిప్రాయం.